కలను పగలే దిద్దుకోవాలి

విశాఖపట్నం

చిరంజీవి చిట్టికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. హుద్‌హుద్ తుఫాను నాటి కిటికీ మళ్ళీ మళ్ళీ కలలోకి వస్తోందనీ, అద్దం పగలబోయే క్షణంలో మెలకువ వచ్చి గుండె దడదడలాడుతోందనీ రాశావు. కలలను మన ఇష్టప్రకారం నడుపుకోవచ్చని ఎక్కడో చదివి, తెల్లవారుజామున మూడింటికి అలారం పెట్టుకుని లేస్తున్నావట. ఆ అలారం ఈ రాత్రికే ఆపెయ్యి. కారణం తెలియాలంటే కల సంగతి కొంచెం నిడివిగా చెప్పాలి.

కలలు ఎందుకు వస్తాయన్నదానికి అందరూ ఒప్పుకున్న జవాబు ఒక్కటంటూ లేదు గానీ, ఎప్పుడు వస్తాయో చాలావరకు తెలుసు. 1953లో చికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసరిన్‌స్కీ, నథానియెల్ క్లైట్‌మన్ అనే ఇద్దరు, నిద్రలో రెప్పల కింద కళ్ళు వేగంగా కదిలే దశ ఒకటి ఉందనీ, ఆ దశలో లేపినవాళ్ళలో ఎక్కువమంది కల చెప్పగలుగుతున్నారనీ ప్రకటించారు. దాన్నే ఇప్పుడు ఆర్‌ఈఎం నిద్ర అంటున్నారు. సుమారు 90 నిమిషాలకొకసారి వచ్చే ఈ దశ రాత్రి మొదట్లో కొద్ది నిమిషాలే ఉండి, వేకువ దగ్గరపడేకొద్దీ నిడివి పెరుగుతుంది. అప్పుడు మెదడులో భయానికి సంబంధించిన అమిగ్డలా అనే భాగం చురుగ్గా ఉంటుంది. ఇది సబబా కాదా అని తూచి చూసే మెదడు ముందుభాగం మందగిస్తుంది. ఒంట్లో కండరాలు సడలిపోతాయి. ఎంత అసంభవమైనదైనా కలలో మనకు వింతగా తోచకపోవడం ఆ ముందుభాగం మందగించడం వల్లే.

మెదడు కాండం నుంచి వచ్చే సంకేతాలను పై మెదడు కథగా అల్లుకుంటుందని 1977లో హాబ్సన్, మెక్‌కార్లీ అనే శాస్త్రవేత్తలు అన్నారు. ఆపదను ఎదుర్కొనే సాధన కల ద్వారా జరుగుతుందని ఇంకొందరు, బరువైన జ్ఞాపకాలను మెదడు సర్దుకునే పని ఇదని మరికొందరు అంటారు. నేను ఈ చివరి మాట వైపే మొగ్గుతాను. 2014 అక్టోబరు 12న మీ ఇంట్లో జరిగింది చూడు. గాలి కిటికీని లోపలికి నెడుతుంటే మీ అమ్మ పాత చీర చెంగు చింపి గడియకు ముడివేసింది. తుఫాను కన్ను మన మీదుగా దాటేటప్పుడు అంతా నిమ్మళించింది, అయిపోయిందనుకుని అందరం బయటికి వచ్చాం, అంతలో ఎదురు దిక్కునుంచి మళ్ళీ గాలి విరుచుకుపడింది. ఆ నిమ్మళం మీద నమ్మకం పోవడమే నీ కల అని నాకు అనిపిస్తోంది. కలలో పళ్ళు ఊడితే చావు, పాము కనిపిస్తే గండం అని చెప్పే పుస్తకాల్లో దీనికి అర్థం వెతకవద్దు. బృహదారణ్యకోపనిషత్తు ఎంత చక్కగా చెప్పిందో చూడు: అక్కడ రథాలు లేవు, గుర్రాలు లేవు, దారులు లేవు, కల కనేవాడే వాటిని సృష్టించుకుంటాడు.

కలలో ఉండగానే ఇది కల అని గుర్తించడం నిజంగా సాధ్యమే. 1975లో ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హర్న్ పరీక్షిస్తుండగా, నిద్రపోతున్న మనిషి ముందే అనుకున్న ప్రకారం కళ్ళు కుడిఎడమలకు కదిలించి సంకేతం ఇచ్చాడు. 2021లో ప్రకటించిన పరిశోధనలో కలలో ఉన్నవాళ్ళు చిన్న చిన్న లెక్కలకు కూడా జవాబు చెప్పారు. అయితే ఆ ఎరుక కలిగినంత మాత్రాన కల మన చెప్పుచేతల్లోకి రాదు, సాధన చేసినవాళ్ళకైనా రోజూ కలగదు. పైగా వేకువ నిద్రను చెడగొట్టుకుంటే, నువ్వు దిద్దాలనుకున్న కల వచ్చే నిద్రనే కోసేసుకుంటున్నావు, పగలంతా చిరాకు మిగులుతుంది.

నీకు కావలసిన పద్ధతి వేరే ఉంది, అది పగటిపూట చేసేది. పీడకలలకు వైద్యులు చేయించే సాధనే ఇది. భోజనమయ్యాక కాగితం తీసుకుని ఆ కలను ఇప్పుడే జరుగుతున్నట్టు ఒక్కసారి రాయి, తర్వాత నీకు నచ్చిన చోట మార్చు. గడియ బిగించే ప్రయత్నం మానేసి నువ్వే ముడి విప్పి రెక్కలు తెరుస్తావనుకో. బయట బీచ్ రోడ్డు మీద సాయంత్రపు గాలి, ముంత కింద పప్పు బండి దగ్గర మీ అమ్మ నీ కోసం చూస్తూ నిలబడి ఉంది. ఏ మార్పయినా సరే, నీకు ఊపిరాడేలా ఉంటే చాలు. ఆ కొత్త కథనే రోజూ పది, పదిహేను నిమిషాలు కళ్ళు మూసుకుని, వాసనతో, చప్పుళ్ళతో సహా మనసులో నడిపించు. పాత కలను మాత్రం మళ్ళీ నెమరువేయకు. ఫలితానికి కొన్ని వారాలు పట్టవచ్చు. రాకూడదు, రాకూడదు అనుకుంటూ పడుకోవడం పనికిరాదు. నిద్రకు ముందు అణచిపెట్టిన ఆలోచనే కలలో ఎక్కువగా వస్తుందని డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వవేత్త బృందం చేసిన పరిశోధనలో తేలింది.

ఎరుక సాధన మీద మోజు తీరకపోతే సెలవు రోజున, కడుపునిండా నిద్రపోయే వీలున్నప్పుడే చెయ్యి. పుస్తకంలో ఒక వాక్యం చదివి, చూపు తిప్పి మళ్ళీ చదివే అలవాటు పగలు చేసుకుంటే, కలలో అక్షరాలు మారిపోవడం పట్టుబడే అవకాశం ఉంటుంది.

ఇంకొక సంగతి. ప్రొప్రనొలాల్ వంటి బీపీ మాత్రలు, కొన్ని మానసిక వైద్యపు మందులు పీడకలలు తెస్తాయి, కనుక నువ్వేమైనా వాడుతుంటే డాక్టరుకు చెప్పు. నీ అంతట నువ్వు మానెయ్యకు. నిద్రలో చేతులూ కాళ్ళూ విసురుతున్నావని ఇంట్లోవాళ్ళు అన్నా, పగలు కూడా ఆ గాలి చప్పుడు చెవుల్లో మోగినా, నెల గడిచినా కల తగ్గకపోయినా ఆలస్యం చెయ్యవద్దు. వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, నామోషీ పడకు, నేను తోడు వస్తాను.

ఆదివారం రాసిన కాగితం తీసుకుని ఇంటికి రా. గడియ దగ్గర మార్పు ఎలా రాశావో నాకు చదివి వినిపించు, అవసరమైతే ఇద్దరం కూర్చుని మళ్ళీ రాద్దాం.

నీ పెద్దమ్మ