ఇసుక మీద పక్క వెయ్యకు

అమ్మలూ,

మొన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. "నీ కూతురు ఉద్యోగానికి పది నెలలు సెలవు పెట్టి దేశాలు పట్టుకుని తిరుగుతుందట, నువ్వే ఏదో ఒకటి చెప్పు" అన్నాడు. నువ్వు మంచి మార్కులు తెచ్చుకున్నప్పుడు వాడి కూతురివి, ఇలాంటివి చేసినప్పుడు నా కూతురివి. నువ్వు రాసిపెట్టుకున్న దారి కూడా చదివి వినిపించాడు. హిరమండలం దిగువ నుంచి వంశధార మీద కయాక్‌లో తెడ్డేసుకుంటూ కళింగపట్నం, అక్కడి నుంచి తీరం వెంబడి సైకిల్ మీద ఇచ్ఛాపురం, తర్వాత మహేంద్రగిరి నడక, దొరికిన లారీ ఎక్కి రాయగడ, కోరాపుట్, అక్కడి నుంచి మళ్లీ సైకిల్ మీద సాలూరు, ఆపైన కన్యాకుమారి. వింటుంటే నాకు చెమటలు పట్టాయి. తెల్లారి టీ కొట్టు దగ్గర ఉన్న నలుగురికీ ఈ దారంతా అప్పజెప్పాను కూడా. "మా గుంట వెళ్తోంది" అని.

నేను వద్దనను. 31 ఏళ్లు ఆర్టీసీ బస్సులో టికెట్లు కొట్టాను. ఈ రెండు జిల్లాల్లో నేను చూడని ఊరి బోర్డు లేదు. దిగి ఓ పూట కూర్చున్న ఊరు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నువ్వైనా దిగు.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. సైకిల్‌కి రెండు ట్యూబులు, ప్యాచీలు, చైన్ లింకు పెట్టుకో. ఏజెన్సీలో దోమతెర లేకుండా పడుకోకు, అక్కడి మలేరియా మామూలు జ్వరం కాదు. ఉద్దానం జీడితోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి, తెల్లవారుజామునా మునిమాపునా తోటల్లోంచి అడ్డదారి పట్టకు. పార్వతీపురం వైపు ఏనుగులున్నాయి, ఏ ఊళ్లో ఉన్నాయో పశువులు కాసేవాళ్లను అడిగి మరీ కదులు. కోరాపుట్ నుంచి సాలూరుకి సుంకి ఘాట్ దిగేటప్పుడు బ్రేకు పట్టుకునే ఉండకు, పడుతూ వదులుతూ దిగు. సామాను బరువుకి రిమ్ము కాలిపోయి ట్యూబు పేలుతుంది. మలుపు మలుపుకీ ఆగి చెయ్యి ఆనించి చూడు. నీది డిస్క్ బ్రేకుల సైకిలైతే ముట్టుకోకు, ఊరికే ఆగు, కోతులున్నాయేమో చూసుకుని అరటిపండు తిను.

లారీలంటే మీ అమ్మకు నిద్ర పట్టడం లేదట. రోడ్డు పక్కన నిలబడి చెయ్యెత్తకు. పెట్రోల్ బంకులోనో టోల్‌గేట్ దగ్గరో ఆగి ఉన్న బండి డ్రైవర్‌తో ముందు పది నిమిషాలు మాట్లాడు. నంబరు ప్లేటు ఫొటో అతను చూస్తుండగానే తీసి అమ్మకి పంపు. మందు వాసనొచ్చినా, మాట తేడాగా ఉన్నా, చీకటి పడినా ఎక్కకు. ఇంతకంటే దాని గురించి నాకు టెన్షన్ లేదు. నా టెన్షనంతా ఏరు.

అక్టోబరు 10న పడవ దించుతావట! ఎవరు పెట్టారమ్మా ఆ ముహూర్తం? ఫైలిన్ తుఫాను తీరం దాటింది 2013 అక్టోబరు 12న. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న. తిత్లీ 2018 అక్టోబరు 11న, మన పలాస దగ్గరే. నా పాత డైరీల్లో మూడూ రాసే ఉన్నాయి. తిత్లీకి కొబ్బరిచెట్లు పడిపోయి, గాలి ఆగిందని జనం ఊపిరి పీల్చుకుంటుంటే, ఒడిశా కొండల్లో పడ్డ వాన వంశధారలోకి దిగింది. వంశధారైనా నాగావళైనా పుట్టింది ఆ కొండల్లోనే. రెండింటి పొడవూ 250 కిలోమీటర్ల పైచిలుకే. గోదావరిలా రోజుల ముందు కబురు పంపి రావు. పైన సాయంత్రం కురిస్తే ఇక్కడ రాత్రికి రాత్రే తెలుస్తుంది. నవంబరు నెలాఖరుకి జరుపు. అప్పటికి నీళ్లు తగ్గి అక్కడక్కడా కయాక్‌ని ఇసుకలో ఈడ్చుకుని నడవాల్సి వస్తుంది. నడువు.

ఇది చెప్పడానికి నాకేం అర్హత ఉందో మీ నాన్న నీకెప్పుడూ చెప్పి ఉండడు.

నాకు పంతొమ్మిదేళ్లప్పుడు, దసరా వెళ్లిన మర్నాడు, నేనూ మా మేనత్త కొడుకూ పొందూరు నుంచి రాయగడ మజ్జిగౌరమ్మ దర్శనానికి సైకిళ్ల మీద బయల్దేరాం. బావ సైకిల్ బావదే. నాది మీ తాతది. వెనక క్యారియర్ మీద మామిడి చెక్క బిగించి, దాని మీద పంచెలూ తువ్వాళ్లూ మూటకట్టుకుని సంతలకి తిరిగేవాడు. అదే మా ఇంటి కొట్టు. నాలుగు రోజులకని బతిమాలి తీసుకున్నాను.

వెళ్లడం బాగానే వెళ్లాం. వచ్చేటప్పుడు పార్వతీపురం దాటి సంగం చేరేసరికి పొద్దుగూకింది. అక్కడ నాగావళిలో సువర్ణముఖి, వేగావతి కలుస్తాయి, ఒడ్డున సంగమేశ్వరుడి గుడి. ఏట్లో మోకాలి లోతు నీళ్లు, నడుమ తెల్లగా ఇసుక మేట, పైన నిండు వెన్నెల. గట్టు మీద దోమలు. సైకిళ్లు భుజాన వేసుకుని ఇసుక మీదికి పోయాం. గొర్రెలు తోలుకెళ్తున్న ఓ ముసలాయన గట్టు మీంచి కేకేశాడు: "బాబూ, పైన మెరుస్తంది. ఇవతలకొచ్చి పడుకోండి." చూశాం. వాయవ్యం మూల, కొండల వెనక, ఉరుము లేకుండా మెరుపులు. మా నెత్తిన మాత్రం చుక్కలు. ముసలాడికి పని లేదని నవ్వుకున్నాం.

మా భయం దొంగలు. అందుకని రెండు సైకిళ్లనీ ఒకే గొలుసుతో కలిపి తాళం వేశాను. తాళం చెవి మొలతాడుకి కట్టుకున్నాను. ఎంత తెలివైనవాణ్ణో చూశావా?

రాత్రి ఎన్నింటికో వీపు కింద చల్లగా తగిలింది. చెమటనుకుని పక్కకి తిరిగి పడుకున్నాను. రెండోసారి మెలకువ వచ్చింది బావ చెప్పు తేలుకుంటూ వచ్చి నా చెంపకి తగిలితే. చప్పుడే లేదమ్మలూ. వరదంటే గోడలా లేచి వస్తుందనుకుంటాం. అది పక్కింటి పిల్లిలా వచ్చింది. నురగ, ఎండుటాకులు, పుల్లలు, పచ్చిమట్టి వాసన. ఆ వాసన ఇప్పటికీ తగిలితే అన్నం వదిలేసి లేస్తాను, మీ పెద్దమ్మని అడుగు.

అప్పుడే పరుగెత్తి ఉంటే పిక్కల దాకానే తడిసేవాళ్లం. సైకిల్ వదిలి ఎలా వెళ్తాను? మొలతాడు ముడి తడిసి బిగుసుకుపోయింది. తెంపాను. తాళం కన్నం అప్పటికే నీళ్ల కింద ఉంది. వేళ్లతో తడుముకుంటున్నాను, చెవి తిరగబడి పడుతోంది, నీళ్లు తొడల దాకా వచ్చాయి. బావ అరిచి అరిచి చివరికి నా జుట్టు పట్టుకుని లాగాడు. సాయంత్రం మోకాలి లోతున దాటిన పాయ అప్పటికి గుండెల లోతు. నాకు ఈత రాదు. బావ తన తువ్వాలు కొస నా చేతికి చుట్టి ఈడ్చుకుపోయాడు. గుడికి చాలా దిగువన గట్టెక్కాం. తెల్లారి చూస్తే సైకిళ్లు లేవు. ఇసుక మేటే లేదు.

ఇంటికొచ్చాక మీ తాత నన్ను కిందా మీదా చూసి, "తాళం చెవి ఏదీ?" అని అడిగాడు. గుప్పిట్లోనే ఉంది. తీసుకెళ్లి గుమ్మం పక్కన, రోజూ తగిలించే మేకుకే తగిలించాడు. ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. ఆ తర్వాత పద్నాలుగు నెలలు మూట నెత్తిన పెట్టుకుని సంతలకి నడిచాడు. అప్పటికి ఆరో తరగతి చదువుతున్న మీ నాన్న, బడి లేని రోజుల్లో చిన్న మూట పట్టుకుని వెనకాల నడిచేవాడు. నీ ప్రయాణం అనగానే వాడు అంత గట్టిగా అరిచింది ఎందుకో ఇప్పుడు ఆలోచించు. వాడి మీద కోపం తెచ్చుకోకు.

కాబట్టి ఎంత వెన్నెలున్నా, ఎంత అందంగా ఉన్నా ఇసుక మీద పక్క వెయ్యకు. గట్టెక్కు. ఒడ్డున తుప్పలకి పాత వరద చెత్త ఎంత ఎత్తున చిక్కుకుని ఉందో చూసి, దానికి పైన గుడారం వెయ్యి. నీళ్ల అంచున ఓ పుల్ల గుచ్చి, రాత్రి లేచినప్పుడల్లా లైటు వేసి చూడు. పై దిక్కున మెరిస్తే, నీళ్లు రంగు మారితే, నురగా పుల్లలూ రావడం మొదలైతే ఆలోచించొద్దు, లే. కయాక్‌ని చెట్టుకి కట్టు, ఒక్క లాగుకి ఊడే ముడి వెయ్యి, తాళం వెయ్యకు. పోతే పోనీ. దాని ఖరీదు మీ నాన్న చెప్పాడు, విని రెండు నిమిషాలు మాట రాలేదు, అయినా పోనీ.

పగలు కూడా దిగి నడిచేటప్పుడు తెడ్డుతో లోతు చూసుకుంటూ నడువు. ఇసుక తవ్విన గోతులున్నాయి. మోకాలి లోతు తర్వాతి అడుగే నిలువు లోతు ఉంటుంది. లైఫ్ జాకెట్ ఎండకి ఉక్కపోస్తుందని విప్పకు. ముఖలింగంలో ఆగి గుడి చూడు, తొందరేం లేదు. మడపాం వంతెన దాటాక శాలిహుండం దగ్గర పడవ గట్టెక్కించి, కొండెక్కి బౌద్ధ స్తూపాలు చూసి, కళింగపట్నానికి రోడ్డున వెళ్లిపో. ఏరు సముద్రంలో కలిసే మొగ దాకా తెడ్డేసుకుంటూ పోవాలని నీకుంటుంది. సముద్రం పాటు మీదున్నప్పుడు, అంటే వెనక్కి తీసేటప్పుడు, ఏటి నీళ్లు సముద్రంలోకి లాగేస్తాయి, ఎదురుగా అలలు విరుగుతుంటాయి. అక్కడి చేపల వేటగాళ్లే వేళ చూసుకుని దాటుతారు. నీకెందుకు?

రోజూ సాయంత్రం ఏడింటికి నాకు ఫోన్ చెయ్యి. "గట్టు మీద ఉన్నాను పెదనాన్నా" అను చాలు, పెట్టెయ్. సిగ్నల్ లేని చోటుకి వెళ్లేముందు ఆ సంగతి కూడా చెప్పు, లేకపోతే నేను బస్సెక్కి వచ్చేస్తాను. నాకు పాసుంది.

నా దగ్గర మంచి గాలి పంపు ఉంది, ఇత్తడిది, ఇప్పటికీ బ్రహ్మాండంగా కొడుతుంది. చోడిపిండి కూడా మీ పెద్దమ్మ వేయించి ఉంచింది, అంబలికి. ఆదివారం వచ్చి పట్టుకెళ్లు. ఒక్కదానివే రా. మీ నాన్న వెంటొస్తే మళ్లీ మొదటికొస్తుంది.

మీ పెదనాన్న