అపెండిక్స్ ఆపరేషన్‌కు ఒక్కో ఆస్పత్రిలో ఒక్కో ఖర్చు ఎందుకు?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. పోయిన నెల మా అబ్బాయికి (17 ఏళ్లు) అపెండిక్స్ నొప్పి వచ్చింది. నల్లగొండలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో 45 వేలు అవుతుందన్నారు, హైదరాబాద్‌లో అడిగితే లక్షా 30 వేలన్నారు. నల్లగొండలోనే చేయించాం. తీరా బిల్లు 72 వేలైంది. అబ్బాయి బాగానే ఉన్నాడు కానీ, మమ్మల్ని మోసం చేశారా అన్న అనుమానం పోవడం లేదు.

జవాబు: మీరు కట్టిన డబ్బుకు లెక్క అడగడం మీ హక్కు. ఆ లెక్క రెండు కాగితాల్లోనే ఉంటుంది. మొదట, ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన డిశ్చార్జి సమ్మరీలో పొట్ట తెరిచాక ఏం కనిపించిందని రాశారో చూడండి. అపెండిక్స్ వాచి మాత్రమే ఉంటే ఆపరేషన్ సాధారణంగా గంట లోపే ముగిసి, ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపుతారు. ‘పర్ఫొరేషన్’ అనో ‘పెరిటోనైటిస్’ అనో రాసి ఉంటే అపెండిక్స్‌కు చిల్లు పడి, చీము పొట్టలోకి వ్యాపించిందని అర్థం. అప్పుడు లోపలంతా కడగాలి, ట్యూబు పెట్టాల్సి రావచ్చు, ఖరీదైన యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు కొన్ని రోజులు ఇవ్వాలి, ఒక్కోసారి ఐసీయూ కూడా అవసరమవుతుంది. స్కానింగ్‌లో ఇది ప్రతిసారీ ముందే తెలియదు కాబట్టి, నిజాయతీగా చెప్పిన అంచనా కూడా మారవచ్చు. సమ్మరీలో అలాంటిదేమీ లేకపోతే మాత్రం 27 వేలు ఎందుకు పెరిగిందని అడగాల్సిందే.

రెండోది వివరాల బిల్లు. మొత్తం మాత్రమే రాసిన రసీదు సరిపోదు. సర్జన్ ఫీజు, మత్తు డాక్టర్ ఫీజు, థియేటర్, గది, మందులు, పరీక్షలు విడివిడిగా ఉన్న బిల్లు అడిగి తీసుకోండి. ల్యాప్రోస్కోపీలో (చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్‌లో) అపెండిక్స్ మొదలును దారంతో ముడివేసే బదులు స్టేప్లర్ వాడితే, ఆ ఒక్క పరికరానికే వేల రూపాయలు అవుతుంది. తీసిన ముక్కను బయాప్సీకి పంపిన చార్జీ కనిపిస్తే అది అనవసరం కాదు. అరుదుగా అందులో కణితులు (ట్యూమర్లు) బయటపడతాయి. హైదరాబాద్‌లో చెప్పిన లక్షా 30 వేలల్లో గది స్థాయి, పెద్ద ఆస్పత్రి నిర్వహణ ఖర్చుల వాటా ఎక్కువగా ఉంటుంది తప్ప, ఆపరేషన్ అంతకు మూడింతలు మెరుగని అనుకోనక్కరలేదు.

బీమా ఉన్నవారు గది ఎంచుకునేటప్పుడే జాగ్రత్తపడాలి. రోజుకు 3 వేల గదికి పరిమితమైన పాలసీతో 6 వేల గదిలో చేరితే, అద్దెలోనే కాకుండా సర్జన్ ఫీజులోనూ థియేటర్ చార్జీలోనూ చాలా పాలసీలు అదే నిష్పత్తిలో కోత పెడతాయి.

నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేటల్లో మెడికల్ కాలేజీలకు అనుబంధంగా ఉన్న ప్రభుత్వ జనరల్ ఆస్పత్రుల్లో ఈ ఆపరేషన్ ఉచితంగా చేస్తారు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాదికి 10 లక్షలకు పెంచారు. అయితే ప్రతి ఆస్పత్రిలో ప్రతి చికిత్సకూ అది వర్తించదు కాబట్టి, చేరే ముందే ఆస్పత్రిలో ఈ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను గానీ, 104 నంబరుకు ఫోన్ చేసి గానీ అడగాలి. ఆస్పత్రులు చార్జీల పట్టిక అందరికీ కనిపించేలా పెట్టాలన్నది క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింది నిబంధన. మీ బిల్లుపై సరైన సమాధానం రాకపోతే జిల్లా వైద్యాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.

ఇది చదివే మిగతావారికీ ఒక మాట చెప్పాలి. నాలుగు చోట్ల ధర కనుక్కుంటూ పూట గడిపితే చిల్లు పడే ప్రమాదమూ, దానితోపాటు ఖర్చూ పెరుగుతాయి. బొడ్డు దగ్గర మొదలైన నొప్పి కుడివైపు కిందికి దిగితే ఏమీ తినిపించకుండా, విరేచనాల మందు వేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. నొప్పి ఉన్నట్టుండి తగ్గి, తర్వాత జ్వరంతో పొట్ట గట్టిపడితే జబ్బు నయమైందని పొరబడవద్దు, అపెండిక్స్ పగిలి ఉండవచ్చు. వెంటనే 108కి ఫోన్ చేసి, సర్జన్, మత్తు డాక్టర్ ఇద్దరూ అందుబాటులో ఉన్న దగ్గరి ఆస్పత్రికి చేరండి.