విచారణ ముగిసే వరకు మౌనంగా ఉండవచ్చా?

మీ సంస్థ ఉద్యోగి ఒకరు విరాళాల సొమ్మును దారి మళ్లించినట్లు తెలిసిందని, అంతర్గత విచారణ పూర్తయ్యే వరకు బయటికి చెప్పకుండా ఉంటే సంస్థ పరువు నిలుస్తుందని ధర్మకర్తలు భావిస్తున్నారని, అది సరైనదేనా అని మీరు అడిగారు. నా అనుభవంలో అలా పరువు నిలవదు.

ఒక స్వచ్ఛంద సంస్థలో దాతలతో ఉత్తరప్రత్యుత్తరాలు చూసే బాధ్యత చాలాకాలం నాది. క్షేత్ర సిబ్బందిలో ఒకరు నకిలీ రసీదులతో డబ్బు తీసుకున్నట్లు ఆడిట్‌లో బయటపడినప్పుడు, పైవారి కోరిక మేరకు "కొన్ని విధానపరమైన లోపాలను గుర్తించి సరిదిద్దాము" అనే వాక్యాన్ని రాసింది నేనే. మూడు వారాలకు ఒక విలేకరి ఆ రసీదుల నకళ్లు దగ్గర పెట్టుకుని ఫోన్ చేశారు. వార్త వెలువడ్డాక మాకు వచ్చిన ఉత్తరాల్లో దొంగతనం గురించి అడిగినవి తక్కువ. నా వాక్యాన్ని ఎత్తి రాసి, ఇది రాసేనాటికి మీకు ఎంత తెలుసు అని నిలదీసినవే ఎక్కువ. ఆ ప్రశ్నకు నా దగ్గర నిజాయితీగా చెప్పగలిగిన జవాబు లేకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

పేరున్న సంస్థలకూ ఇదే అనుభవమైంది. 2010 భూకంపం తర్వాత హైతీలో పనిచేసిన తమ సిబ్బంది కొందరి లైంగిక దుష్ప్రవర్తనపై బ్రిటన్‌కు చెందిన సహాయ సంస్థ ఆక్స్‌ఫామ్ 2011లోనే విచారణ జరిపి, కొందరిని తొలగించి, మరికొందరిని రాజీనామా చేయనిచ్చింది. దుష్ప్రవర్తన జరిగిందని ప్రకటించింది కానీ, అది ఎలాంటిదో పూర్తిగా చెప్పలేదు. 2018 ఫిబ్రవరిలో లండన్‌లోని టైమ్స్ పత్రిక ఆ వివరాలను ప్రచురించిన కొద్ది రోజుల్లోనే సుమారు 7,000 మంది క్రమం తప్పని దాతలు విరాళాలు ఆపేశారని ఆ సంస్థ అధిపతి బ్రిటన్ పార్లమెంటు సభ్యులకు తెలిపారు. విమర్శలు తప్పు స్థాయిని మించిపోయాయనే అర్థంలో ఆయన అంతకుముందు చేసిన వ్యాఖ్యకు కూడా క్షమాపణ చెప్పవలసి వచ్చింది. 2019లో అక్కడి స్వచ్ఛంద సంస్థల నియంత్రణ సంస్థ అయిన ఛారిటీ కమిషన్ ఆక్స్‌ఫామ్‌కు అధికారిక హెచ్చరిక జారీ చేసింది.

అందువల్ల మీరు ముందుగా నియంత్రణ సంస్థకు, అవసరమైతే పోలీసులకు తెలియజేసి, బహిరంగ ప్రకటన వెలువడే రోజు ఉదయమే మీ సిబ్బందికి, స్వచ్ఛంద సేవకులకు, మీ సేవలు పొందుతున్నవారికి నేరుగా చెప్పండి. వారు ఈ సంగతిని పత్రికలో చదివి తెలుసుకునే పరిస్థితి రానివ్వకండి. మా సంస్థలో అలా జరిగినందుకు నొచ్చుకుని, ఎంతో నిబద్ధతతో పనిచేసిన ఇద్దరు మమ్మల్ని విడిచి వెళ్లారు. ప్రకటనలో నిర్ధారణ అయిన విషయం, ఇంకా తేలవలసిన విషయం, ఈలోగా డబ్బు చెల్లింపులపై మీరు పెట్టిన కట్టుబాట్లు స్పష్టంగా ఉండాలి. ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తి పేరు చెప్పనవసరం లేదు, విచారణకు ముందే చెప్పడం అన్యాయం కూడా. పోయిన మొత్తం తేలకపోతే అంచనా వేసి తక్కువ చేసి చెప్పకండి, ఎందుకంటే తర్వాత పెరిగిన ప్రతి అంకె కొత్త వార్త అవుతుంది. తదుపరి ప్రకటన ఏ తేదీన వస్తుందో అందులోనే రాయండి; ఆ తేదీకి కొత్త విషయమేదీ తేలకపోయినా, తేలలేదనైనా ప్రకటించండి.