క్యాన్సర్ అని తేలాక కూడా ఆపరేషన్ వద్దంటున్నారు!

ప్రశ్న: మా నాన్నగారి వయసు 66 ఏళ్లు. రాత్రిళ్లు మూత్రానికి పలుమార్లు లేవవలసి వస్తోందని పరీక్షలు చేయిస్తే పీఎస్‌ఏ (ప్రొస్టేట్ గ్రంథి పరిస్థితిని తెలిపే రక్తపరీక్ష) 6.8 వచ్చింది. బయాప్సీలో తీసిన 12 ముక్కల్లో రెండింటిలో ప్రొస్టేట్ క్యాన్సర్ ఉందని, గ్లీసన్ స్కోరు 3+3=6 అని రాశారు. డాక్టరుగారు ఇప్పుడే చికిత్స వద్దు, గమనిస్తూ ఉందామంటున్నారు. క్యాన్సర్ ఉందని తెలిసీ ఊరుకోవడం ప్రమాదం కాదా?

సమాధానం: క్యాన్సర్ కణాల తీవ్రతను చెప్పే గ్లీసన్ స్కోరు పదికి ఆరు అనగానే జబ్బు సగం దాటిపోయిందని చాలామంది కంగారుపడతారు. కానీ ఇప్పుడు బయాప్సీ రిపోర్టుల్లో ఇచ్చే అతి తక్కువ స్కోరే 6. అందుకే దీన్ని గ్రేడ్ గ్రూప్ 1 అని కూడా రాస్తున్నారు. ఈ రకం కణాలు చాలా నెమ్మదిగా పెరుగుతాయి, ప్రొస్టేట్ గ్రంథి దాటి ఇతర అవయవాలకు పాకడం చాలా అరుదు.

అసలు జాగ్రత్తపడవలసింది మరొక విషయంలో. బయాప్సీ సూది అందుకున్నది గ్రంథిలో కొద్ది భాగాన్నే కాబట్టి, పక్కనే ఉన్న తీవ్రమైన కణాలు దానికి చిక్కకపోయి ఉండవచ్చు. ఇంతవరకూ ఎమ్మారై తీయకపోతే తీయించి, అనుమానం కలిగించే చోటు కనిపిస్తే అక్కడి నుంచి మళ్లీ ముక్క తీయించాలి. వంశంలో ప్రొస్టేట్ లేదా రొమ్ము క్యాన్సర్లు ఎక్కువగా ఉన్నా, క్యాన్సర్ ముప్పు పెంచే బీఆర్‌సీఏ2 జన్యులోపం ఉన్నా డాక్టరుకు తప్పక చెప్పండి. అలాంటివారి విషయంలో నిర్ణయం మారవచ్చు.

గమనిస్తూ ఉండటమంటే ఊరుకోవడం కాదు. సాధారణంగా ఆరు నెలలకోసారి పీఎస్‌ఏ, ఏడాదికోసారి వైద్యుడి పరీక్ష, అవసరాన్నిబట్టి ఎమ్మారై, కొన్నేళ్లకోసారి బయాప్సీ జరుగుతూ ఉండాలి. గ్రేడు పెరిగితే అప్పుడు ఆపరేషనో రేడియేషనో చేస్తారు. బ్రిటన్‌లో 1,643 మందిపై జరిగిన ప్రొటెక్ట్ అధ్యయనంలో, 15 ఏళ్ల తరవాత చూస్తే ఈ క్యాన్సర్‌తో మరణించినవారు పరిశీలనలో ఉంచిన వర్గంలోనూ, ఆపరేషన్, రేడియేషన్ వర్గాల్లోనూ దాదాపు 2 నుంచి 3 శాతమే ఉన్నారు. వ్యాధి ఇతర అవయవాలకు పాకినవారు మాత్రం పరిశీలన వర్గంలో సుమారు 9 శాతం, మిగిలిన రెండింటిలో 5 శాతం. అయితే ఆ అధ్యయనంలో పరిశీలన ప్రధానంగా పీఎస్‌ఏ మీదే నడిచింది, పైగా అందులో చేరినవారందరిదీ తక్కువ గ్రేడు కాదు. మరోవైపు, తొందరపడి ఆపరేషన్ చేయిస్తే మూత్రం ఆపుకోలేకపోవడం, అంగస్తంభన తగ్గడం వంటి ఇబ్బందులు మిగిలిపోవచ్చు.

రాత్రిళ్లు లేవవలసి రావడానికి ఈ చిన్న క్యాన్సర్ కన్నా వయసుతోపాటు గ్రంథి ఉబ్బడమే కారణమయ్యే అవకాశం ఎక్కువ. దానికి గ్రంథిని కుదించే ఫినాస్టరైడ్ లేదా డ్యుటాస్టరైడ్ మందు మొదలుపెడితే కొన్ని నెలల్లో పీఎస్‌ఏ దాదాపు సగానికి పడిపోతుంది. అది చూసి క్యాన్సర్ తగ్గిందని పొరబడకూడదు.

ఇక, క్యాన్సర్‌ను ఒంట్లో ఉంచుకుని నిద్రపోలేనని మీ నాన్నగారే అంటే చికిత్స గురించి మాట్లాడటంలో తప్పు లేదు. అయితే ఆ భయం ఆయనదా, మీదా అన్నది ముందు ఆయన్నే అడగండి.