న్యూరోసైన్స్ డిగ్రీ: కాలేజీ పేరు తర్వాత, డబ్బెవరిదో ముందు
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో ఏడాది. నీట్ వద్దట, అమెరికాలో న్యూరోసైన్స్ (మెదడు, నరాల శాస్త్రం) డిగ్రీ చేస్తానంటోంది. నా జీతం ఏడాదికి తొమ్మిది లక్షలు, ఊళ్లో రెండెకరాల మాగాణి ఉంది. కన్సల్టెన్సీ వాళ్లిచ్చిన లిస్టులో కాలిఫోర్నియా యూనివర్సిటీ క్యాంపస్‌లు మూడు, ఇతర స్టేట్ యూనివర్సిటీలు ఐదు ఉన్నాయి. నలభై లక్షల లోన్ సరిపోతుందంటున్నారు. నిజమేనా? – ఒక తండ్రి, తెనాలి

జవాబు: సరిపోదు. కాలిఫోర్నియాలో అయితే నలభై లక్షలు మొదటి ఏడాది కూడా గట్టెక్కించవు. కాలిఫోర్నియా క్యాంపస్‌లలో విదేశీ విద్యార్థికి ఫీజు, హాస్టల్, భోజనం, ఇన్సూరెన్స్ కలిపి ఏడాదికి 75 వేల డాలర్ల పైమాటే. డాలరు 85 రూపాయల లెక్కన కట్టినా దాదాపు 64 లక్షలు. నాలుగేళ్లకు రెండున్నర కోట్లు. పైగా కుటుంబ అవసరాన్ని చూసి ఇచ్చే సాయం అక్కడ డిగ్రీలో చేరే విదేశీయులకు లేదు. స్టేట్ యూనివర్సిటీ అంటే మన గవర్నమెంటు కాలేజీలా చవక అనుకుంటాం. ఆ చవక ఆ రాష్ట్రం పిల్లలకే.

మీ ఆదాయానికి పనికొచ్చే కాలేజీలు వేరే ఉన్నాయి. మొత్తం ఖర్చు కాగితం మీద 90 వేల డాలర్ల దాకా కనిపించేవే చివరికి మీకు చవక పడతాయి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, డార్ట్‌మత్, బ్రౌన్, ఆమ్‌హర్స్ట్, బోడిన్ కాలేజీలు విదేశీ దరఖాస్తుదారుల విషయంలో కూడా ‘నీడ్ బ్లైండ్’. అంటే సీటు ఇచ్చేటప్పుడు మీకు డబ్బుందా లేదా అని చూడరు. ఇచ్చాక, మీరు కట్టగలిగింది పోను మిగతాదంతా వాళ్లే భరిస్తారు. డార్ట్‌మత్, బోడిన్ 2022లో నిర్ణయం ప్రకటించి, బ్రౌన్ 2025లో చేరే బ్యాచ్‌తో ఈ జాబితాలోకి వచ్చాయి. ఎనిమిదింటిలోనూ న్యూరోసైన్స్ మేజర్ (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు) ఉంది, ఎంఐటీలో మాత్రం దాని పేరు బ్రెయిన్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్. ఆమ్‌హర్స్ట్‌లో ఈ ప్రోగ్రామ్ 1973 నుంచీ నడుస్తోంది. ఇలాంటి చిన్న కాలేజీల పేర్లు అమీర్‌పేటలో వినపడవు. అక్కడ బోర్డుల మీద కనపడేవి చాలామటుకు కమీషన్ ఇచ్చే యూనివర్సిటీలే.

అయితే ఈ ఎనిమిదింటిలో సీటు దొరకడం మహా కష్టం. అందుకే రెండో వరుస కావాలి: వాసర్, పొమోనా, స్మిత్, వెల్స్‌లీ, మిడిల్‌బరీ లాంటివి. ఇవి ‘నీడ్ అవేర్’. సీటిస్తే అవసరమంతా తీరుస్తాయి గానీ, సీటిచ్చే ముందు ఈ పిల్లకు ఎంత ఖర్చవుతుందో లెక్క చూసుకుంటాయి. స్మిత్, వెల్స్‌లీ అమ్మాయిల కాలేజీలు కాబట్టి మీకు అదనంగా రెండు తలుపులు.

ఏ కాలేజీ నిజంగా ఇస్తుందో తెలుసుకోవడానికి ఒక దారి ఉంది. ఆ కాలేజీ పేరు పక్కన ‘కామన్ డేటా సెట్’ అని కొట్టి వెతకండి. ఆ పీడీఎఫ్‌లో హెచ్6 అనే భాగం ఉంటుంది. విదేశీ విద్యార్థుల్లో ఎంతమందికి సాయం అందింది, సగటున ఎన్ని డాలర్లు అన్నది అందులోనే రాస్తారు. ఉదాహరణకు 150 మందికి సగటున 70 వేలు అని ఉంటే ఆ కాలేజీ మీ లిస్టులో ఉండాలి. 400 మందికి సగటున 14 వేలు అని ఉంటే అది సాయం కాదు, డిస్కౌంటు. మిగిలిన 60 వేలు మీ నెత్తిన పడతాయి. కన్సల్టెన్సీ ఇచ్చిన ఎనిమిదింటికీ ముందు ఈ పరీక్ష పెట్టండి.

ఇక కాగితాలు. చాలా ప్రైవేటు కాలేజీలు కుటుంబ ఆదాయం, ఆస్తులు చూపించే ‘సీఎస్ఎస్ ప్రొఫైల్’ అనే ఫారం అడుగుతాయి. ఫారం ఫీజు మొదటి కాలేజీకి 25 డాలర్లు, ఆపైన ఒక్కోదానికి 16. పది కాలేజీలకు 169 డాలర్లు. ఆదాయం చూసి దానంతటదే వచ్చే ఈ ఫారం ఫీజు మాఫీ అమెరికాలో ఉండే కుటుంబాలకే. మీరు మాత్రం ఒక్కో కాలేజీ ఎయిడ్ ఆఫీసుకు విడివిడిగా మెయిల్ పెట్టండి. కొన్ని మాఫీ కోడ్ పంపుతాయి, కొన్ని విదేశీయుల కోసం ఉన్న ఉచిత ఫారం తీసుకుంటాయి.

తప్పులు ఎక్కువగా దొర్లేది పొలం దగ్గరే. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి ఐటీ రిటర్న్‌లో పెద్దగా కనపడదు. అక్కడ లేదు కదా అని ఇక్కడా వదిలేస్తారు. తీరా ఆస్తుల గడిలో రెండెకరాలు కనపడేసరికి, పంట డబ్బు ఏదని ఎయిడ్ ఆఫీసు అడుగుతుంది. కౌలు ఎంత వస్తుందో ముందే రాయండి. పొలం విలువ రిజిస్ట్రేషన్ రేటు కాదు, ఇవాళ అమ్మితే ఎంత పలుకుతుందో అది. పాస్ పుస్తకం మీ నాన్నగారి పేరున ఉంటే అది మీ ఆస్తి కాదు, చూపించనక్కర్లేదు. ఫారం రూపాయల్లోనే నింపచ్చు, కానీ 9,00,000కు ఒక సున్నా ఎక్కువ పడిందంటే మీ జీతం తొంభై లక్షలైపోతుంది, సాయం ఉండదు. ఫారం 16 ఏప్రిల్ నుంచి మార్చి వరకు, వాళ్లడిగేది జనవరి నుంచి డిసెంబరు వరకు. ఆ తేడాను వివరణ గడిలో రెండు వాక్యాల్లో చెప్పండి. తెలుగులో ఉన్న పత్రాలకు ఇంగ్లిష్ అనువాదం జతచేయండి.

ఇంకొకటి. సీటు వచ్చే అవకాశం పెరుగుతుందని కొందరు సాయం అక్కర్లేదని రాసి, చేరాక అడగచ్చులే అనుకుంటారు. చేరేటప్పుడు అడగని విదేశీ విద్యార్థికి తర్వాత నాలుగేళ్లూ ఇవ్వమన్న నియమం చాలా నీడ్ అవేర్ కాలేజీల్లో ఉంది. అలా వెళ్లినవాళ్లు రెండో ఏడాది ఫీజు దగ్గర ఆగిపోతారు.

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. మావారిది హెచ్1బీ, బాబుది హెచ్4. గ్రీన్‌కార్డు ఇప్పట్లో వచ్చేలా లేదు. న్యూరోసైన్స్ చేసి డాక్టరవుతానంటున్నాడు. మాకు ఫెడరల్ సాయం వస్తుందా? – ఒక తల్లి, టెక్సాస్

జవాబు: రాదు. ఫెడరల్ సాయానికి పెట్టే ఫాఫ్సా ఫారం పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు, ఇంకా కొన్ని ప్రత్యేక కోవలకే. హెచ్4 అందులో లేదు. కాకపోతే టెక్సాస్‌లో నివాస నిబంధనలు పూర్తి చేసిన హెచ్4 పిల్లలకు ఇన్‌స్టేట్ ఫీజు, అంటే ఆ రాష్ట్రం పిల్లలు కట్టే తక్కువ ఫీజు, వర్తిస్తుంది. ఇంటికి దగ్గర్లోని యూటీ డాలస్‌లోనూ, యూటీ ఆస్టిన్‌లోనూ న్యూరోసైన్స్ డిగ్రీ ఉంది. ఇంట్లోంచి వెళ్లొస్తే హాస్టల్ ఖర్చు కూడా మిగులుతుంది. మీ పరిస్థితికి యూటీ డాలస్ మొదటి వరుసలో ఉండాల్సిందే, రెండో వరుసలో కాదు.

ప్రైవేటు కాలేజీల్లో చాలావాటి లెక్కలో, అమెరికాలోనే హైస్కూలు చదివినా హెచ్4 అంటే విదేశీ విద్యార్థే. ఒక్కో కాలేజీని ఒకే ప్రశ్న అడగండి: ‘మా బాబు దరఖాస్తును సాయం విషయంలో ఏ కోవలో చూస్తారు?’ జవాబు మెయిల్‌లోనే తీసుకోండి, ఫోన్‌లో చెప్పింది తర్వాత ఎవరికీ గుర్తుండదు.

ల్యాబ్ అనుభవం దగ్గర ఇంకో చిక్కు. హెచ్4 మీద క్యాంపస్‌లో జీతం తీసుకునే పని చేయకూడదు. ఎన్ఎస్ఎఫ్ (సైన్స్ పరిశోధనకు నిధులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ) డబ్బుతో నడిచే వేసవి పరిశోధన ప్రోగ్రామ్‌లు, అందరూ ఆర్ఈయూ అనేవి, పౌరులకు, గ్రీన్‌కార్డు వాళ్లకే స్టైపెండ్ ఇస్తాయి. 21 నిండేలోగా ఎలాగూ ఎఫ్1 (విద్యార్థి వీసా)కు మారాలి. మారాక సెమిస్టర్‌లో వారానికి 20 గంటలు క్యాంపస్‌లో పనిచేయచ్చు. అందుకే కాలేజీ ఎంచుకునేటప్పుడు వేసవి స్టైపెండ్ సొంత నిధుల్లోంచి ఇస్తుందా, వీసాతో సంబంధం లేకుండా ఇస్తుందా అని డిపార్ట్‌మెంటునే అడగండి.

డాక్టర్ సంగతి నిష్ఠూరంగానే చెప్పాలి. గ్రీన్‌కార్డు లేని వాళ్లను చాలా మెడికల్ స్కూళ్లు తీసుకోవు. తీసుకునేవాటిలో కొన్ని, ఒకటికి మించి ఏళ్ల ఫీజు ముందే ఎస్క్రోలో (మధ్యవర్తి దగ్గర ఉండే ఖాతాలో) పెట్టమంటాయి. పీహెచ్‌డీ దారి వేరు. న్యూరోసైన్స్ పీహెచ్‌డీలో మామూలుగా ఫీజు మాఫీ, నెలనెలా స్టైపెండ్ ఉంటాయి, వీసా అడ్డం కాదు. ఈ రెండింటిలో ఏది జరిగినా, డిగ్రీకే అప్పు చేసి కూర్చుంటే ముందుకు కదలడం కష్టం.

ప్రశ్న: కొన్ని కాలేజీల్లో న్యూరోసైన్స్ అని మేజరే లేదు. సైకాలజీలో భాగంగా ఉంది. చేరితే నష్టమా? – ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: పేరు చూడకండి, కేటలాగ్ తెరవండి. ల్యాబ్‌తో కూడిన సెల్యులార్ న్యూరోసైన్స్, స్టాటిస్టిక్స్, కొంత ప్రోగ్రామింగ్, చివరి ఏడాది థీసిస్: ఈ నాలుగూ ఉంటే చాలు. ఉన్నాయి సరే, నిరుడు నిజంగా చెప్పారా లేదా అన్నది సెమిస్టర్ టైమ్‌టేబుల్‌లో చూడండి. కేటలాగ్‌లో ఉండి రెండేళ్లకోసారి వచ్చే కోర్సులు చాలా. వీసా కోణంలో చూడాల్సింది ఐ20 (వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) మీద ఉండే సీఐపీ కోడ్, అంటే ఆ కోర్సు ఏ వర్గానిదో చెప్పే సంఖ్య. న్యూరోసైన్స్‌కు అది 26.1501, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) జాబితాలో ఉంది. అంటే చదువయ్యాక 12 నెలల ఓపీటీకి (చదివిన రంగంలో ఉద్యోగం చేసుకునే అనుమతికి) తోడు మరో 24 నెలలు దొరకచ్చు. సైకాలజీ కింద ఉంటే కోడ్ ఏమిటో చేరకముందే అడగండి, కొన్ని కోడ్‌లు ఆ జాబితాలో లేవు.

ప్రశ్న: ఇక్కడే చదవాలంటే? బైపీసీ నాది. – ఒక విద్యార్థిని, కరీంనగర్

జవాబు: డిగ్రీ స్థాయిలో న్యూరోసైన్స్ పేరు వెతక్కండి, బయాలజీలో గట్టి పునాది ఇచ్చే చోటు చూడండి. తిరుపతి ఐసర్‌లో (కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థ) ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ ఉంది. ప్రవేశ పరీక్ష ఐఏటీలో 60 ప్రశ్నలు, బయాలజీ, కెమిస్ట్రీ, మ్యాథ్స్, ఫిజిక్స్ తలా 15. బైపీసీ వాళ్లు మ్యాథ్స్ పూర్తిగా వదిలేస్తే నాలుగో వంతు మార్కులు వదులుకున్నట్టే. మ్యాట్రిక్స్‌లు, ప్రాబబిలిటీ, క్యాలిక్యులస్ మొదటి పాఠాలు, ఈ మూడైనా పట్టుకోండి. తప్పుకు ఒక మార్కు పోతుంది కాబట్టి ఊహించి గుర్తు పెట్టకండి. బెంగళూరు ఐఐఎస్సీ డిగ్రీకి మాత్రం ఇంటర్‌లో మ్యాథ్స్ ఉండి తీరాలి, మీకు కుదరదు. సైన్స్ డిగ్రీ చదివేవాళ్లకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఏడాదికి 80 వేలు, అందులో 20 వేలు వేసవి ప్రాజెక్టుకు. ఆ ప్రాజెక్టు చేయకపోతే ఆ 20 వేలు రావు. డిగ్రీ అయ్యాక హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ కేంద్రం ఉంది, అప్పుడు చూసుకోవచ్చు.