ఉద్దానం బయల్దేరుతున్న మేనకోడలికి

విశాఖపట్నం,
13 అక్టోబరు 2018

అమ్మలూ,

మీ ఆఫీసు పిల్లలంతా కలిసి తిత్లీ తుఫానుకి దెబ్బతిన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఊళ్ళకి సామాన్లు తీసుకెళ్తున్నారని మీ అమ్మ చెప్పింది. విని చాలా సంతోషం వేసింది. ఫోన్లో మాట్లాడదామంటే నువ్వు ఆ వాట్సాప్ గ్రూపులో కలెక్షన్ల హడావిడిలో ఉంటావు, సగం వింటావు సగం వదిలేస్తావు, అందుకే రాసి పంపిస్తున్నాను. వ్యాన్ ఎక్కే ముందు చదువు, మీవాళ్ళకి కూడా చదివి వినిపించు.

అసలు వ్యాన్ నింపడమే కాసేపు ఆపండి. మీ గ్రూపులో తిరుగుతున్న లిస్టు మీ అమ్మ నాకూ పంపింది. పాత బట్టలు, బిస్కెట్లు, దుప్పట్లు, కొవ్వొత్తులు. ఇది రుషికొండలో ఏసీలో కూర్చుని రాసిన లిస్టే గానీ ఆ ఊరివాళ్ళు చెప్పింది కాదు కదా. ముందు ఇద్దరు బండి మీద వెళ్ళండి. సిగ్నల్ లేదు కాబట్టి ఫోన్లో అడిగే పని జరగదు. ఒక నోటుపుస్తకం పట్టుకుని, ఊరి పెద్దల్ని ఒక్కరినే కాదు, ఆశా కార్యకర్తని, అంగన్‌వాడీ టీచరుని, ఊరికి ఆ చివర ఉన్న కాలనీ ఆడవాళ్ళని అడిగి, ఎవరికి ఏం కావాలో రాసుకుని రండి. ఒక రోజు ఆలస్యమవుతుంది, అవ్వనీ. ఊరికి పనికిరాని లోడుతో ఒక రోజు ముందు వెళ్ళి చేసేదేముంది?

నిన్నటికి మన విశాఖకి హుద్‌హుద్ తుఫాను వచ్చి సరిగ్గా నాలుగేళ్ళు. 2014 అక్టోబరు 12, ఆదివారం. నువ్వప్పుడు చెన్నైలో చదువుకుంటున్నావు, ఇక్కడ ఏం జరిగిందో ఫోటోల్లోనే చూశావు. ఊళ్ళో చెట్టన్నది మిగల్లేదు, ఎయిర్‌పోర్టు పైకప్పు లేచిపోయింది, ఇవన్నీ పేపర్లో వచ్చాయి. పేపర్లో రానిది చెప్తాను. బ్యాంకులో డబ్బుంది, ఏటీఎం పనిచెయ్యదు. కారుంది, పెట్రోలు లేదు. ఐదో అంతస్తులో పెద్ద ఫ్లాటుంది, లిఫ్టు లేదు, మోటారు లేదు, ట్యాంకులో చుక్క నీళ్ళు లేవు. పాల ప్యాకెట్ రెండింతలు మూడింతలు రేటు పెట్టి కొన్నాం, అదీ దొరికితే. ఎంవీపీ కాలనీలో డాక్టర్లూ ఇంజనీర్లూ బిందెలు పట్టుకుని ట్యాంకర్ దగ్గర నిలబడ్డారమ్మా. జీవితంలో ఎవరి దగ్గరా చెయ్యి చాచని మనుషులు, ఎక్కడినుంచో లారీలో వచ్చిన పులిహోర పొట్లం కోసం వరసలో నిలబడి, పక్కవాళ్ళ మొహం చూడలేక నేల చూపులు చూశారు. తీసుకోవడం ఎంత కష్టమో ఈ ఊరికి తెలుసు. కాబట్టి వైజాగ్ నుంచి వెళ్ళేవాళ్ళు ఇంకెవరికన్నా బాగా ఇవ్వగలగాలి అని నా ఆశ.

అప్పుడు పెదజాలరిపేటలో ఒకటి చూశాను. రోడ్డు పక్కన పాతబట్టల గుట్ట. అందులో కోట్లు, స్వెట్టర్లు, జిప్పు ఊడిపోయిన చుడీదార్లు, చిన్నపిల్లల స్కూలు యూనిఫారాలు. ఒకావిడ వంగి ఒక చీర తీసింది. మడత విప్పింది. కుచ్చిళ్ళ దగ్గర పెద్ద చిరుగు. మళ్ళీ జాగ్రత్తగా అదే మడత పెట్టి గుట్ట మీద పెట్టేసి వెళ్ళిపోయింది, ఒక్క మాట అనలేదు. సాయంత్రం వానకి ఆ గుట్టంతా తడిసి కంపు కొట్టింది, చివరికి మున్సిపాలిటీ వాళ్ళు ఎత్తుకెళ్ళాల్సి వచ్చింది. ఆ పేటలో మగవాళ్ళు అడిగింది వలలు, తెప్పలు, ఇంజన్ల రిపేరు. వల లేని జాలరికి స్వెట్టర్ ఇచ్చి మనం సాయం చేశామనుకుని ఇంటికొస్తే ఏం లాభం?

బట్టలు ఇవ్వాలనే ఉంటే కొత్తవి కొనండి, తక్కువ కొన్నా సరే. నైటీలు, లంగాలు, లుంగీలు, తువ్వాళ్ళు. పూర్ణా మార్కెట్‌లో హోల్‌సేల్‌గా దొరుకుతాయి. శానిటరీ ప్యాడ్లు తప్పకుండా పెట్టండి, వాటిని మాత్రం మీ ఆడపిల్లలే విడిగా ఇవ్వాలి, అందరి ముందూ లారీ మీదనుంచి కాదు. చాపలు, దోమతెరలు, మూతున్న బకెట్లు. టార్పాలిన్ మందంగా ఉన్నది తీసుకోండి, పల్చటిది ఒక్క గాలికి చిరిగిపోతుంది. తినడానికైతే వండుకునే వీలు లేని మొదటి రోజుల్లో అటుకులు, బెల్లం, మురీలు మేలు. సాంబారన్నం పొట్లాలు కట్టుకుని ఇక్కడినుంచి రెండొందల కిలోమీటర్లు వెళ్ళేసరికి పాడైపోతాయి, పిల్లలు తిని జబ్బు పడతారు.

ఇప్పుడు ఉద్దానం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఇక్కడ మాత్రం పూర్తిగా శ్రద్ధ పెట్టు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, అటు పలాస, ఇచ్ఛాపురం, ఈ మండలాల్లో ఏళ్ళ తరబడి కిడ్నీ జబ్బు ఉంది. ఏ వీధికెళ్ళినా రోగి ఉంటాడు. కాబట్టి మీ మందుల డబ్బాలోంచి నొప్పుల మాత్రలు తీసెయ్యండి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి కిడ్నీ బాగాలేనివాళ్ళకి ఇస్తే చేజేతులా హాని చేసినట్టే. అరటిపళ్ళు, కొబ్బరినీళ్ళు, ఓఆర్ఎస్ కూడా డయాలసిస్ రోగులకి డాక్టర్ని అడగకుండా ఇవ్వకూడదు, వాటిలో పొటాషియం ఉంటుంది. మందుల పని అసలు మీరు పెట్టుకోవద్దు, డాక్టర్ మీతో వస్తే సరే, లేకపోతే అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి అప్పగించండి.

డయాలసిస్ వాళ్ళకి వారానికి రెండు మూడు సార్లు మిషన్ ఎక్కాలి. రోడ్లకి అడ్డంగా చెట్లు పడి ఉంటే, ఆటోలు తిరగకపోతే వాళ్ళ గతేమిటి? మీరు తీసుకెళ్ళే బళ్ళలో ఒక కారుని పూర్తిగా ఈ పనికే వదిలెయ్యండి. పొద్దున్న ఇంటి దగ్గర ఎక్కించుకుని సోంపేటకో పలాసకో తీసుకెళ్ళడం, అయ్యాక మళ్ళీ దింపడం. ఒక డ్రైవరూ, ఓపికున్న ఒక పిల్లవాడూ చాలు. ఇందులో ఫోటోకి పనికొచ్చేదేమీ లేదు గానీ, నన్నడిగితే మీ మొత్తం లోడు కన్నా ఈ కారే ఎక్కువ.

నీళ్ళు రెండోది. కరెంటు లేకపోతే ఆర్వో ప్లాంటు నడవదు, ఓవర్‌హెడ్ ట్యాంకు నిండదు. వాటర్ ప్యాకెట్లు ఎన్ని మోసుకెళ్తారు? ఒక పూటకి అయిపోతాయి, ప్లాస్టిక్ మిగులుతుంది. దాని బదులు జనరేటర్ ఒకటి అద్దెకి తీసుకుని, డీజిల్ పోసుకుని, తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని వెంటబెట్టుకుని, ఊరు ఊరికీ వెళ్ళి పొద్దున్న సాయంత్రం మోటారు ఆడించి ట్యాంకు నింపండి. ఊరంతా తాగుతుంది. ఆ జనరేటర్‌కే నాలుగు ప్లగ్ బోర్డులు పెడితే ఫోన్లు చార్జింగ్ అవుతాయి, సిగ్నల్ వచ్చిన చోటికెళ్ళి దుబాయిలో ఉన్న కొడుక్కో హైదరాబాద్‌లో ఉన్న కూతురికో బతికే ఉన్నామని చెప్పుకుంటారు. బావుల్లో బ్లీచింగ్ మాత్రం మీరు చేతికొచ్చినంత పొయ్యొద్దు, పంచాయతీ వాళ్ళకి లెక్క తెలుసు.

మూడోది రంపాలు. పవర్ రంపాలు, వాటిని వాడటం వచ్చిన మనుషులు. హుద్‌హుద్‌లో మన వీధికి మనుషులు రావడానికే చెట్లు కొట్టాల్సి వచ్చింది. ఉద్దానంలో కొబ్బరీ జీడీ కూలిపోయి ఇళ్ళ మీదా తోటల్లోనూ పడి ఉన్నాయి. తోట శుభ్రం చేసుకోవడానికి కూలీ ఇచ్చుకోలేని రైతులు బోలెడు మంది ఉంటారు. కొబ్బరి మళ్ళీ నాటితే కాపుకి రావడానికి ఐదారేళ్ళు, అన్నేళ్ళూ ఇల్లు ఎలా గడవాలో ఆలోచించు. అయితే ఒక్క చెట్టు కొట్టేముందు కూడా ఫోటోలు తియ్యండి, సర్వే నంబరు, ఎన్ని చెట్లు పడ్డాయో కాగితం మీద రాసి రైతు చేతికివ్వండి. నష్టం రాసుకునే అధికారులు వచ్చేసరికి తోట ఖాళీగా ఉంటే వాళ్ళు ఏం రాస్తారు? కూలిన ఇళ్ళకీ ఇదే మాట. కౌలు రైతుల్ని విడిగా అడగండి, చాలాసార్లు డబ్బు పట్టా ఉన్నవాళ్ళ ఖాతాలో పడుతుంది, చేను వేసినవాడు చూస్తూ ఉంటాడు. మీలో చదువుకున్నవాళ్ళు రెండు రోజులు కూర్చుని అర్జీలు రాసి పెడితే, తడిసిన రేషన్ కార్డులూ పాస్‌పుస్తకాలూ ఆరబెట్టి ఫోటోలు తీసి ఇస్తే, బియ్యం కన్నా తక్కువ సాయమేమీ కాదది.

హైవే పక్క ఊళ్ళలో ఆగొద్దు. ప్రతి బండీ అక్కడే ఆగుతుంది, అక్కడే ఖాళీ అవుతుంది, లోపల ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరికి ఏమీ చేరదు. దారిలో జనం బండి ఆపుతారు, గట్టిగా అరుస్తారు, ఒక్కోసారి లాక్కుంటారు కూడా. కోపం తెచ్చుకోవద్దమ్మా. నాలుగు రోజులుగా చీకట్లో ఉన్నవాళ్ళ గొంతు మెత్తగా ఉండాలని ఎలా అనుకుంటాం? నాలుగు సంచులు విడిగా పైన పెట్టుకోండి, ఇచ్చి, నమస్కారం పెట్టి, మీరు వెళ్ళాల్సిన ఊరు ఫలానా అని చెప్పి ముందుకి పొండి. బండి మీదనుంచి విసరడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. విసిరితే బలమున్నవాళ్ళకే అందుతుంది, ముసలావిడ కింద పడుతుంది. ముందురోజు ఇంటింటికీ చీటీలు ఇచ్చి, మర్నాడు చీటీ చూసి ఇవ్వండి, నడవలేనివాళ్ళకి ఇంటికే పట్టుకెళ్ళండి.

చావింటికి వెళ్ళినప్పుడు మన పెద్దవాళ్ళు ఎలా మసలుకుంటారో చూశావు కదా. ఇంట్లోంచి వండుకెళ్తారు, చీపురు పట్టుకుని వాకిలి ఊడుస్తారు, ఏడుస్తుంటే పక్కన కూర్చుంటారు, మా గురించి నాలుగు మంచి మాటలు చెప్పండని ఎవరూ అడగరు. అలాగే ఉండండి. బ్యానర్ వద్దు. సంచి పట్టుకున్న మనిషిని కెమెరా వైపు తిప్పొద్దు. డబ్బిచ్చినవాళ్ళకి లెక్క చూపాలి, నిజమే, దానికి బిల్లులు ఫోటో తియ్యండి, సామాన్లు ఫోటో తియ్యండి, రోజూ రాత్రి పైసా పైసా గ్రూపులో రాసెయ్యండి. మొహాలు వద్దు.

ఒక్క ఊరినే పట్టుకోండి. పది ఊళ్ళు తిరగాలన్న ఆరాటం వద్దు. దివిసీమలో 1977 నవంబరు ఉప్పెన తర్వాత లారీలు ఎన్ని వచ్చాయో లెక్కలేదు, కానీ ఊరిని దత్తత తీసుకుని ఇళ్ళు కట్టేదాకా ఉన్నవాళ్ళ పేర్లే ఆ ఊళ్ళవాళ్ళు చెప్పుకుంటారు. ఇప్పుడు దసరా సెలవులు కాబట్టి అందరికీ ఊపుంది. దీపావళి అయ్యాక ఎవరూ వెళ్ళరు, ఆ ఊళ్ళకి అప్పుడే అసలు కష్టం మొదలవుతుంది. పలాసలో జీడిపప్పు వలిచే ఆడవాళ్ళకి పని తగ్గుతుంది, మగపిల్లలు వలస రైలెక్కుతారు, కాలేజీ ఫీజు కట్టలేక ఆడపిల్ల చదువు ఆపేస్తుంది. మీరు సేకరించిన డబ్బులో మూడో వంతు ముట్టుకోకుండా ఉంచి, జనవరిలో మళ్ళీ వెళ్ళి అడిగి ఖర్చుపెట్టండి.

నీ సంగతి కూడా చూసుకో. బూట్లు వేసుకో, మురికి నీళ్ళలో చెప్పులతో దిగకు. తెగిన తీగ కనబడితే కరెంటు లేదులే అని దాటొద్దు, ఎవరింట్లోనో జనరేటర్ నడుస్తుండొచ్చు. మీ తిండీ నీళ్ళూ పడకా మీరే తీసుకెళ్ళండి, ఆ ఊరివాళ్ళ మీద పడొద్దు, కానీ ఎవరైనా పిలిచి టీ ఇస్తే మాత్రం కూర్చుని తాగు.

రంపం పని తెలిసినవాళ్ళు ఇద్దరు గోపాలపట్నంలో ఉన్నారు, హుద్‌హుద్‌లో మన వీధిలో పని చేసినవాళ్ళే. నేను మాట్లాడాను, వస్తామన్నారు. కూలీ, పెట్రోలు నేనిస్తాను, భోజనం మీరు చూసుకోండి. రేపు పొద్దున్న బండి మీద ముందు వెళ్ళేది ఎవరో రాత్రికి ఫోన్ చేసి చెప్పు, సోంపేటలో నాతో పనిచేసిన మాస్టారి ఇల్లు ఎక్కడో చెప్తాను, ఊరు ఎంచుకోవడంలో ఆయన సాయం చేస్తారు.

మీ మావయ్య