పాత బండి విప్పేముందు ఒక్క నిమిషం

ప్రశ్న: సార్, 1971 మోడల్ హోండా సీబీ350 ట్విన్ ఒకటి దొరికింది. చాలా ఏళ్లు షెడ్డులో పడి ఉంది. కిక్కు అస్సలు దిగట్లేదు, ట్యాంకు లోపలంతా తుప్పు, పైన కలర్ మాత్రం పర్లేదు. ఇంజిన్ నంబరూ ఫ్రేమ్ నంబరూ ఒకటి కావు, ఎవరో ఇంజిన్ మార్చేశారని ఫ్రెండ్స్ అంటున్నారు. మొత్తం విప్పేసి ముందు పెయింటు, క్రోమ్ చేయించి తర్వాత ఇంజిన్ సంగతి చూద్దామనుకుంటున్నా. కరెక్టేనా?

జవాబు: కాదండీ, రివర్సులో వెళ్తున్నారు. ముందు బండి స్టార్ట్ అవ్వాలి, నడవాలి, ఆగాలి, ఆ తర్వాతే రంగు సంగతి. పెయింటు అయ్యాక ఇంజిన్ మళ్లీ దించాల్సి వస్తే పానా జారి కొత్త రంగు మీద పడే గీత మిమ్మల్ని జన్మంతా ఏడిపిస్తుంది.

నంబర్ల గురించి బెంగ వద్దు, హోండా వాళ్లు ఆ రోజుల్లో రెండూ ఒకటే కొట్టేవాళ్లు కాదు. ఫ్రేమ్ మీద సీబీ350 అని, ఇంజిన్ మీద సీబీ350ఈ అని మొదలవుతుంది, ఆ వెనక అంకెలు వేరుగా ఉండటం మామూలే. పేపర్లలో ఉన్నవి బండి మీద ఉన్నవాటితో కలుస్తున్నాయా, అది చూసుకోండి చాలు.

ఇక పట్టేసిన ఇంజిన్. కిక్కు మీద ఎక్కి తొక్కొద్దు, గేర్లో పెట్టి తొయ్యొద్దు, సుత్తి అయితే అసలు దగ్గరికే రానివ్వొద్దు. రెండు ప్లగ్గులూ తీసి, ఏటీఎఫ్ ఆయిలూ (ఆటోమేటిక్ గేరు కార్లలో వాడేది) అసిటోనూ సగం సగం కలిపి రెండు సిలిండర్లలోనూ కొంచెం పోసి వదిలేయండి (మంట దగ్గర్లో లేకుండా చూసుకోండి, అసిటోన్ గప్పున అంటుకుంటుంది), కొన్ని రోజులు మర్చిపోండి, మధ్యలో మళ్లీ కొంచెం పోస్తూ ఉండండి. తర్వాత ఎడమవైపు కవర్ తీసి రోటర్ (క్రాంక్ చివర తిరిగే చక్రం) బోల్టుకి పానా వేసి అటూ ఇటూ మెల్లగా ఊపండి. వెంట్రుకవాసి కదిలినా గెలిచినట్టే. ఎంతకీ కదలకపోతే హెడ్ (సిలిండర్ల పైభాగం) విప్పడమే దారి.

కవర్ స్క్రూల దగ్గరే చాలామంది బండిని పాడుచేస్తారు. అవి చూడ్డానికి ఫిలిప్స్ లా ఉంటాయి గానీ జపాన్ వాళ్ల జేఐఎస్ స్క్రూలు, మామూలు డ్రైవర్ పెడితే జారి తల అరిగిపోతుంది, తర్వాత డ్రిల్ చేసుకుంటూ కూర్చోవాలి. జేఐఎస్ బిట్టు, ఇంపాక్ట్ డ్రైవర్ (సుత్తితో కొడితే తిరిగేది) ముందే కొనుక్కోండి.

ఇంజిన్ తిరిగింది కదా అని ఆ సంబరంలో వెంటనే స్టార్ట్ చేసేయకండి. ఇన్నేళ్లలో పైన ఆయిల్ మొత్తం కిందికి దిగిపోయి క్యామ్ (వాల్వులు తెరిచే షాఫ్టు) ఎండిపోయి ఉంటుంది. పాత ఆయిల్ తీసేసి, ఇంజిన్ కుడివైపున గుండ్రంగా తిరిగే ఆయిల్ ఫిల్టర్ ఒకటుంటుంది, దాంట్లో గడ్డకట్టిన మడ్డి అంతా తుడిచి, జాసో ఎంఏ (బైకు క్లచ్‌కి సరిపడే రకం) అని రాసున్న ఆయిల్ పోయండి, కార్ల ఆయిల్ వద్దు, క్లచ్ జారొచ్చు. టప్పెట్ మూతలు (వాల్వుల పైనుండేవి) తీసి క్యామ్ మీద ఆయిల్ పోసి, ప్లగ్గులు లేకుండానే కిక్కు తిప్పుతూ ఉండండి. టప్పెట్ గ్యాప్ ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే సెట్ చేయాలి, ఇన్‌టేక్ 0.05, ఎగ్జాస్ట్ 0.10 మిల్లీమీటర్లు.

కార్బొరేటర్లు క్లీన్ చేసేటప్పుడు లోపలి రబ్బరు డయాఫ్రమ్ కెమికల్లో ముంచొద్దు. పాత ఇత్తడి జెట్లు పారేయకండి ప్లీజ్, చవక కిట్లో వచ్చే కొత్తవాటికన్నా ఒరిజినల్ కెయిహిన్ (ఆ కార్బొరేటర్ల కంపెనీ) జెట్టే ఎప్పుడూ మేలు. ట్యాంకుకి వాషింగ్ సోడా నీళ్లతో ఎలక్ట్రాలిసిస్ (కరెంటుతో తుప్పు వదిలించడం) చేయొచ్చు, గాలి ఆడేచోట చేయండి, స్టెయిన్‌లెస్ స్టీల్ కడ్డీ మాత్రం వాడొద్దు, విషపు క్రోమియం తయారవుతుంది. వైరింగులో ఆకుపచ్చ తీగే ఎర్త్, నలుపు కాదు, నలుపులో తాళం ఆన్ చేస్తే కరెంటు వస్తుంది. ఇది తెలీక తీగలు కాల్చేసుకున్నవాళ్లు బోలెడు.

టైర్లు చూడ్డానికి ఎంత బాగున్నా మార్చేయండి. బ్రేక్ డ్రమ్ములో దుమ్ము ఉఫ్ అని ఊదొద్దు, గాలి కూడా కొట్టొద్దు, అప్పటి షూలలో ఆస్బెస్టాస్ ఉండేది. తడిగుడ్డతో తుడవండి.

రంగు పర్లేదన్నారుగా, దాన్నలాగే ఉంచండి. అది క్యాండీ రంగయితే కింద మెటాలిక్ కోటు, దాని మీద పారదర్శకంగా ఇంకో కోటు ఉంటుంది, ఆ షేడు మళ్లీ తేవడం మహామహులకే కష్టం.

ప్రశ్న: నా యమహా ఆర్డీ350 స్టార్ట్ అవుతోంది గానీ యాక్సిలరేటర్ వదిలేసినా రేసు దిగట్లేదు. కార్బొరేటర్ రెండుసార్లు క్లీన్ చేయించా. ఏంటి సమస్య?

జవాబు: ముందు థ్రాటిల్ కేబుల్ ఎక్కడైనా ఇరుక్కుంటోందేమో చూడండి. అది కాకపోతే నాకు క్రాంక్ సీల్స్ (క్రాంక్ చివర్ల గాలి దూరకుండా ఉండే రబ్బరు రింగులు) మీదే అనుమానం, చాలాకాలం ఆగిన టూ స్ట్రోక్ బండికి అవి ఎండి గట్టిపడి పక్కనుంచి గాలి లాగేస్తాయి, గాలిలో పెట్రోలు వాటా తగ్గి పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది. ప్రెజర్ టెస్ట్ చేయించండి, అప్పటిదాకా దాన్ని రోడ్డెక్కించొద్దు.